గంగవ్వ దాచిన నిమిషాలు

ఆర్మూరు,
గురువారం.

ప్రియమైన మార్తక్కకు, నీ చెల్లెలు ఎస్తేరు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. నేనిక్కడ బాగున్నాను. నిజంగానే బాగున్నాను. అమ్మ నమ్మదు గనక రెండోసారి కూడా రాస్తున్నాను. అక్కడ నువ్వూ, బావగారూ, అమ్మా, నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలికి నూనె రాస్తున్నావా? నాన్న దగ్గు తగ్గిందా? తగ్గకపోతే బీడీ మానమన్నానని చెప్పు. నేను చెప్పానంటే ఎలాగూ మానడు, అయినా చెప్పు.

ఫోన్లమ్మే కొట్లో కూర్చుని ఉత్తరం రాయడమేమిటే అని నవ్వుతున్నావు కదూ? నవ్వు, నవ్వు. మనింటికి ఫోన్ చేయాలంటే రేషన్ డీలరుగారింటికి చేయాలి. ఆయన భార్య వీధి చివరిదాకా వచ్చి నిన్ను పిలుచుకెళ్లేలోగా నా బ్యాలెన్సు సగం కరిగిపోతుంది. నువ్వొచ్చాక ఆవిడ పక్కనే నిలబడి బియ్యం ఏరుతున్నట్టు నటిస్తూ అంతా వింటుంది. పోయినసారి "ఇక్కడ కూరల్లో కారమెక్కువ" అన్నానా, సాయంత్రానికల్లా నాకు కడుపులో పుండు పుట్టిందని ఊరంతా పాకింది. అమ్మ ఉపవాస ప్రార్థనకి కూర్చుంది. నాకే పుండూ లేదు. ఆ సంగతి అమ్మకి గట్టిగా చదివి వినిపించు. అందుకే ఆదివారం ఆదివారం డీలరుగారి ఫోనుకి ఒక మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకుంటున్నాను, అది వస్తే నేను క్షేమమని మీరనుకునేట్టు. కానీ ఈ వారం ఇక్కడ జరిగింది మిస్డ్ కాల్‌లో పట్టేది కాదు.

ఇక్కడ చలి ఇంకా పూర్తిగా పోలేదు. పొద్దున దుప్పటి వదలబుద్ధి కాదు, మధ్యాహ్నానికి మాడు పగిలిపోతుంది. నేను కూడా జొన్నరొట్టె చేయడం నేర్చుకున్నాను. గుండ్రంగా రాదు, ఏ దేశం పటంలాగో వస్తుంది, కడుపు మాత్రం నిండుతుంది. ఊరంతా పసుపే అక్కా. ఈ నెలల్లో రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే చెప్పులు పసుపు, కుచ్చిళ్లు పసుపు. ప్రార్థనకి తెల్లచీర కట్టుకెళ్తే పాస్టరమ్మగారు "ఎప్పుడయిందమ్మా పెళ్లి, మాకు చెప్పనేలేదు" అంది. ఈ ముక్క మాత్రం అమ్మకి చదవకు, మళ్లీ సంబంధాల గొడవ ఎత్తుతుంది.

మా ఇంటావిడ గంగవ్వ గురించి ఇదివరకే రాశాను. వీధిలోకున్న గది నాది, వెనకంతా వాళ్లది. ఊరవతల చేలో పసుపూ మక్కజొన్నా వేస్తారు. ఆవిడ మనిషి మంచిది, నోరే పదును. మొదట్లో ఒకసారి "మా దుగ్గిరాల పసుపు కూడా గొప్పదే" అన్నాను. అంతే, ఆ పూట నాకు పెట్టిన పప్పు తెల్లగా ఉంది. "మీ దిక్కు పసుపు మంచిదంటివి గద, తెప్పిచ్చుకో" అంది. ఆవిడ భర్త మల్లయ్య తాత మాత్రం మాటలు ఎవరో కొలిచి ఇచ్చినట్టు మాట్లాడతాడు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో దగ్గు.

ఇప్పుడు అసలు కథకొస్తాను. దసరాకి మా కంపెనీ కొత్త ప్రీపెయిడ్ ప్లాను తెచ్చింది. నెలకోసారి రీఛార్జి చేస్తే మా కంపెనీ నంబర్లకి మాట్లాడుకోవడానికి కొన్ని నిమిషాలు ఉచితం. గడువు తీరకముందే మళ్లీ చేయిస్తే మిగిలిన నిమిషాలు పోవు, వచ్చే నెలవాటితో కలుస్తాయి. ఇంటర్నెట్టు కూడా అలాగే. మా ఓనరు "ఒక్కొక్కరు ఇంతమందిని మార్పించాలి" అని మాకు టార్గెట్ పెట్టాడు. నేను తెలివిగా ఇంటినుంచే మొదలుపెట్టాను. గంగవ్వ దగ్గర కూతురు కొనిచ్చిన చిన్న ఫోనుంది, పాత ప్లానులో ఉంది. అరుగు మీద కూర్చుని విడమరిచి చెప్పాను.

"ఒడవకుంటే యాడికి పోతయ్ గవి?" అంది. ఒడవడమంటే ఇక్కడ అయిపోవడం.

"ఎక్కడికీ పోవవ్వా. వచ్చే నెలకి కలుస్తాయి."

"ఊకెనే కలుస్తయా? గట్లెట్ల కలుస్తయే?"

నా తెలివి తెల్లారినట్టే ఉంది గానీ, ఆ నిమిషాన నేను గొప్పగా చెప్పాననుకున్నాను. "మీరు పసుపు తవ్వాక మంచి కొమ్ములు విత్తనానికి తీసిపెట్టుకుని మళ్లీ నాటరూ? ఇదీ అలాగే అవ్వా" అన్నాను.

గంగవ్వ మొహం విప్పారింది. "గట్ల జెప్పు మరి! ఇంతసేపు ఇంగిలీషుల సంపుతున్నవ్" అని అప్పటికప్పుడే ప్లాను మార్పించుకుంది.

ఆ ఒక్క మాట నా కొంప ముంచింది అక్కా. విత్తనం పసుపుని ఇక్కడివాళ్లు ఎంత అవసరమొచ్చినా ముట్టరట. కూరకు లేకపోతే పక్కింట్లో అడుగుతారు గానీ దానిమీద చెయ్యి వేయరట. అసలే పైసలు పోతాయని ఫోన్లో మాట్లాడే అలవాటు లేని మనిషి, నేను నిమిషాల్ని విత్తనమన్నాక ఇక మాట్లాడితే ఒట్టు. అందరికీ ఎప్పటిలాగే మిస్డ్ కాలే. కూతురికి ఒకసారి మోగించి పెట్టేస్తే 'బాగున్నాం', రెండుసార్లయితే 'నువ్వు చెయ్యి'. గడువుకి ముందే పరుగున కొట్టుకొచ్చి రీఛార్జి చేయించుకునేది. రోజూ దీపాలవేళకి నా గది ముందుకొచ్చి, "బిడ్డా, ఇయ్యాల్టికి ఎన్నయినయ్ జర సూడు" అనేది. నేను నంబరు కొట్టి చదివేదాన్ని. నిన్నెన్ని ఉన్నాయో ఇవాళా అన్నే ఉంటే తృప్తిగా తలాడించి వెళ్లి అన్నం తినేది.

"ఒక్కసారి మీ అమ్మాయితో మాట్లాడండవ్వా, ఉన్నాయి గదా" అంటే, "ఇత్తనం ఎవలన్న తింటరా?" అని నన్నే కసిరేది. ఇంటర్నెట్టు ఎందుకో ఆవిడకి తెలియదు, ఆ ఫోన్లో రాదు కూడా. "గా ఎంబీలు నాకేం జేస్కోను? గవి తీస్కొని బదులు నిమిషాలియ్యరాదు" అని మా ఓనరుతో బేరం పెట్టింది. ఆయన నవ్వలేక ఏడవలేక లోపలికెళ్లిపోయాడు.

ఇది వీధి వీధంతా అంటుకుంది. పెద్దవాళ్లందరూ "మాకు గూడ గా ఇత్తనం ప్లాను" అంటూ వరసకట్టారు. నా టార్గెట్ పూర్తయింది, ఓనరు నాకు స్వీట్లు కూడా తినిపించాడు. రెండు నెలలు తిరక్కుండానే ఆయన మొహం వాడిపోయింది. ఎవరూ మాట్లాడరు, టాపప్ కొనరు, ఒకళ్లని మించి ఒకళ్లు నిమిషాలు పోగేస్తారు. "ఏం చెప్పావమ్మా వీళ్లకి? ఊళ్లో ఫోన్లన్నీ మూగబోయాయి" అన్నాడు. నేనేం చెప్పానో నేను చెప్పలేదు.

ఇక గంగవ్వ యారాలి సంగతి. తోడికోడల్ని ఇక్కడ యారాలంటారు. ఆవిడ పేరు భూమవ్వ, మల్లయ్య తాత తమ్ముడి భార్య, పక్కనున్న అంకాపూర్‌లో ఉంటారు. ఇద్దరిళ్లకీ కలిపి మామగారి నాటి పెద్ద ఇనప కడాయి ఒకటుంది, పసుపు ఉడకబెట్టేది. మన నీళ్ల గాబు అంత ఉంటుంది. పసుపు తవ్వాక పచ్చిగా ఎక్కువ రోజులు ఉంచకూడదట, ఉడకబెట్టి ఎండేయాలి. లేకపోతే కుప్పలోనే కుళ్లు పడుతుంది, రంగు చెడుతుంది. తొమ్మిది నెలలు ఒంగి లేచి పండించిందంతా ఆ నాలుగు రోజుల్లో తేలిపోతుంది. ఏటా ఆ కడాయి ముందు అక్కడ, తర్వాత ఇక్కడ తిరుగుతుంది. ఈ ఏడు అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే యారాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఎందుకు లేవంటావా? పోయిన ఎండాకాలం భూమవ్వకి మనవడు పుట్టాడు. తొట్టెల్లో వేసే వేడుకకి పిలవడానికి ఆవిడ గంగవ్వకి ఫోన్ చేసింది. మాట్లాడాలనే చేసింది. ఈవిడేమో మిస్డ్ కాలనుకుంది! "మంచిగున్నమని మోగిస్తున్నది, ఎత్తితే పాపం పైసలు పోతయ్" అని ఫోనును చూస్తూ కూర్చుంది. ఆవిడ మళ్లీ చేసింది, మళ్లీ చేసింది. ఈవిడ ప్రతిసారీ "మంచిగనే ఉన్నరు, మంచిగనే ఉన్నరు" అనుకుంది. వేడుక అయిపోయింది. పెద్దకోడలు రాని తొట్టెలేమిటని భూమవ్వ అందరిలో ఏడ్చిందట. గంగవ్వేమో ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవనిదే నేనెలా పోతానంటుంది. నువ్వు ముందంటే నువ్వు ముందని అప్పట్నుంచీ బిగుసుకుపోయారు. అన్నదమ్ములిద్దరూ మాత్రం బజార్లో కలిసి చాయ్ తాగుతారు. ఇళ్లకొచ్చి ఆ సంగతి చెప్పరు. కడాయి ఊసెత్తే ధైర్యం ఇద్దరికీ లేదు.

పోయినవారం వీళ్ల పసుపు తవ్వడం అయిపోయింది. కుప్పపోసి మీద ఆకు కప్పారు. కిరాయి కడాయిలకి అడిగితే ఎవరి దగ్గరా ఖాళీ లేదు, సీజను గదా. మల్లయ్య తాత రోజూ చేనుకెళ్లి కుప్పలో చెయ్యి పెట్టి చూసొచ్చి, "లోపట ఏడెక్కుతున్నది" అని తన ఉదయం మాట అనేవాడు. గంగవ్వ వినిపించుకోనట్టు రోలు కడిగేది. ఆవిడ కడిగిన రోలే మళ్లీ కడగడం నేను చూశాను. నాకు పాపమనిపించింది. ఊరు గాని ఊరొచ్చి జ్వరం పడితే నాకు గంజి కాచిపోసింది ఆవిడేనని నీకు రాశాను గదా.

సరిగ్గా ఆ శుక్రవారమే కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఆ ప్లాను ఎత్తేస్తున్నారు. మిగిలిన నిమిషాలు ఇక కలవవు, పోగేసినవన్నీ ఆదివారం దాటితే పోతాయి. ఓనరు నా వైపు చూసి, "మీ వీధిలో నువ్వే చెప్పాలమ్మా" అని హెల్మెట్ పెట్టుకుని ఎటో వెళ్లిపోయాడు.

చెప్పాను. గంగవ్వ చాట కింద పెట్టేసింది. "ఎవడాడు? నా ఇత్తనం తినెటోడు ఎవడు?" అంది.

"కంపెనీ అవ్వా."

"కంపెనీకి అవ్వయ్య లేరా? కలుపు ఫోను!" అంది. అవ్వయ్యలంటే ఇక్కడ అమ్మానాన్నలు.

కస్టమర్ కేర్‌కి కలిపాను. అవతల టేపు గొంతు తెలుగుకి ఒకటి, హిందీకి రెండు నొక్కమంటూ ఉంటే గంగవ్వ చాలాసేపు తన గోడు చెప్పుకుంది. చివరికి ఫోన్ నా చేతిలో పెట్టి, "మంచిగనే మాట్లాడుతది గని నేను జెప్పింది ఒక్కటి ఇంటలేదు" అంది. శనివారమంతా ఎవరికైనా బదులివ్వొచ్చా, కూతురి ఫోనులోకి వేయొచ్చా అని అడుగుతూనే ఉంది. కుదరదన్నాను. ఆదివారం నేను ప్రార్థన నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే కాచుకుని ఉంది. "పోగొట్టుకొనుడు నాతోని గాదు. మాట్లాడుత. అందరితోని మాట్లాడుత. కొట్టు నంబర్లు" అంది.

మొదట జక్రాన్‌పల్లిలో ఉన్న కూతురికి చేశాం. "నేనే బిడ్డా" అందో లేదో అవతల ఒకటే ఏడుపు. "నాయనకేమయిందే? అయ్యో నాయనా!" అంటూ ఫోన్ పెట్టేసింది. అమ్మ ఏనాడూ మోగించి పెట్టేయడమే గాని మాట్లాడింది లేదు గదా, మాట్లాడిందంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం చేసుకుంది! ధర్పల్లిలో తమ్ముడికి చేశాం. ఆయన "ఎప్పుడు? వస్తున్న, వస్తున్న" అని కట్ చేశాడు. మేనకోడలికి చేస్తే ఆమె "పొద్దుగాల మంచిగనే ఉండెనటగదా!" అని శోకం అందుకుంది. ఎవరూ ఒక్క ముక్క వింటేనా! అందరూ పరుగే. నిమిషాలు ఖర్చవడానికి ఎవరైనా మాట్లాడాలి కదా, వీళ్లు బయల్దేరుతున్నారు.

మధ్యాహ్నానికి బస్సులు దిగి, ఆటోలు దిగి, కళ్లు తుడుచుకుంటూ జనం. ధర్పల్లి తమ్ముడు పూలదండ కూడా తెచ్చాడు. తలుపు తీసింది మల్లయ్య తాత. ఆయన్ను చూసి కూతురు గడపలోనే కూలబడి నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. తాత ఆ దండ వైపు చూసి, "లోపటికి రాండ్రి" అన్నాడు. అది ఆయన సాయంత్రం మాట, ముందే ఖర్చయిపోయింది. దండని ఏం చేయాలో తెలియక గుమ్మానికి కట్టారు. నేను చాయ్ పెట్టలేక చచ్చాను అక్కా, పాలు మూడిళ్లలో అడిగి తెచ్చాను. వచ్చినవాళ్లంతా "తాత మంచిగనే ఉన్నడు" అని తమ ఇళ్లకి గంగవ్వ ఫోన్లోంచే చెప్పుకున్నారు. నిమిషాలు కాసిని అప్పుడు తగ్గాయి. ఆమాటకొస్తే అప్పుడు మాత్రమే తగ్గాయి.

సాయంకాలమయ్యింది. నేను చూసి చెప్పాను, ఇంకా చాలానే ఉన్నాయని. చేయడానికి చుట్టాలెవరూ మిగల్లేదు, అందరూ ఇంట్లోనే చాయ్ తాగుతున్నారు. మా కంపెనీ నంబరున్నది ఇక ఒక్క భూమవ్వకే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. చివరికి కూతురే అంది, "అవ్వా, చిన్నమ్మకు చెయ్యరాదే."

"నేనెందుకు చేస్త? పెద్దదాన్ని నేను."

"చెయ్యకపోతే రాత్రికి పోతాయవ్వా, అన్నీ" అన్నాను నేను. నిజమే చెప్పాను.

గంగవ్వ ఫోను వైపు చూసింది, పెరటి వైపు చూసింది, చేను వైపున్న కిటికీ వైపు చూసింది. "కొట్టు" అంది నాతో, పళ్లు బిగించి.

మోగింది. మోగుతూనే ఉంది. భూమవ్వ ఎత్తలేదు. మళ్లీ చేశాం, మళ్లీ ఎత్తలేదు. "సూసినవా? దాని కండ్లు నెత్తికెక్కినయ్" అంది గంగవ్వ.

నేను ఊరుకుని ఉండాల్సింది. నా నోరు నీకు తెలుసుగా. "మిస్డ్ కాలనుకుంటోందేమో అవ్వా. ఆ రోజు మీరు అనుకోలేదూ?" అనేశాను.

గంగవ్వ ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. చిన్న గొంతుతో అడిగింది, "గప్పుడు గామె గూడ గిట్లనే కూసున్నదా బిడ్డా? ఎత్తుతనేమో, ఇప్పుడెత్తుతనేమో అనుకుంట?"

"ఆఁ" అన్నాను.

కొంగుతో ముక్కు తుడుచుకుని ఈసారి తనే నొక్కింది, రోజూ మోగించి పెట్టేసే ఆ పచ్చబటన్నే. ఎన్నోసారికో అవతల ఎత్తారు. భూమవ్వ గొంతుకి స్పీకరు అక్కర్లేదు, వీధిలోకి వినిపిస్తుంది.

"ఎవలు సచ్చిండ్రు?"

"ఎవలు సావలే."

"మా బావ మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు. చాయ్ తాగుతున్నడు."

"మరి ఫోనెందుకు మోగబెడుతున్నవ్ గంతసేపు?"

"నిమిషాలు సస్తున్నయ్" అంది గంగవ్వ.

అంతే, అవతల కట్ట తెగింది. "తొట్టెలకు రాని మనిషివి, ఇయ్యాల నిమిషాలు సస్తున్నయని చేస్తవా నాకు?" "ఇంటికొచ్చి బొట్టు వెట్టి పిల్సినవా నువ్వు?" "ఫోన్ జేసిన గదా! చెయ్యి గుంజంగ జేసిన!" "మిస్డ్ కాలనుకున్న!" "గట్లెట్లనుకుంటవ్ అక్కా, గన్నిసార్లు జేస్తే?" "ఫోన్ కొన్నకాడినుంచి మాట్లాడతందుకు చేసినవా నువ్వు, ఒక్కపారన్న?"

భూమవ్వ ఆలోచించినట్టుంది. "చెయ్యలే" అంది.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. గంగవ్వ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఇక అక్కణ్నుంచి ఆగలేదు అక్కా. మనవడికి పళ్లొచ్చాయా, ఎన్నొచ్చాయి, కోడలు తిండి తింటోందా, నీ నడుం నొప్పెలా ఉంది, ఆ ఎర్ర బర్రె ఈనిందా... కుడి చెవి వేడెక్కితే ఎడమ చెవికి మార్చింది. కోళ్లు గూట్లోకెళ్లాయి, వీధి దీపాలు వెలిగాయి. మల్లయ్య తాత మాత్రం కదలకుండా ఆవిడ మొహమే చూస్తున్నాడు. ఆయన దేనికోసం చూస్తున్నాడో మాకందరికీ తెలుసు. "కడాయి" అని పెదాలతో అందించాడు కూడా.

గంగవ్వ తలాడించింది. గొంతు సవరించుకుంది. "ఇగ్గో యారాలా, ఇంకో మాట. గా కడాయి..."

టుంయ్ మంది ఫోను. నిమిషాలు అయిపోయాయి.

దసరా నుంచి ముట్టకుండా దాచినవి. ఒక్క మాటకి సరిపోలేదు! ఆదివారం గనక మా కొట్టు మూసి ఉంది. నా ఫోన్ ఇస్తానంటే గంగవ్వ తీసుకోలేదు. "ఇంతసేపు మాట్లాడి కడాయి కాడికొచ్చేసరికి పరాయి ఫోన్ల నుంచి అడిగితే, గిందుకే చేసిందనుకుంటది" అంది. అదీ నిజమే. ఇంతలో గంగవ్వ ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. భూమవ్వ మిస్డ్ కాల్. ఇక చూడు మా ఇంట్లో తర్జనభర్జన! 'మంచిగున్నం' అని అర్థమని కూతురు, 'నువ్వు చెయ్యి' అనడానికి రెండోది రావాలిగా అని మేనకోడలు, 'కడాయి ఇయ్యను' అని అర్థమని ధర్పల్లి తమ్ముడు. రెండోది రాలేదు. గంగవ్వ ఆ పూట అన్నం తినలేదు.

సోమవారం పొద్దున్నే వీధిలో ట్రాక్టరు చప్పుడు. ట్రాలీలో కడాయి, కడాయి పక్కన కొంగు బిగించి నిలబడిన భూమవ్వ. ట్రాక్టరు ఆగకముందే మొదలెట్టింది. "కడాయనంగనే ఫోన్ పెట్టేస్తవా నువ్వు? నేనేమన్న ఇయ్యనన్ననా? మోగిస్తే మళ్ల చేస్తవేమో అని ఫోన్ పట్టుకొని కూసున్న! తీస్కో నీ కడాయి, నా ఇంట్ల వద్దది!"

కొట్లాటకే వచ్చింది అక్కా, సందేహం లేదు. కొట్లాడడానికి కడాయి మోసుకొచ్చింది.

"నేను పెట్టెయ్యలేదే! ఒడిసినయి" అంది గంగవ్వ కిందనుంచి.

"దసర కాడినుంచి జమజేస్తివట గద, యాడికి పోయినయ్?"

"నీతోనే గదనే మాట్లాడింది!"

భూమవ్వ మళ్లీ అందుకునేలోగా కడాయి లోపల్నుంచి కేరుమని ఏడుపు. కుదుపులకి పడకుండా అందులో బొంత పరిచి మనవణ్ని కూర్చోబెట్టుకొచ్చిందట, నాలుగు పళ్లూ బయటపెట్టి బూరెల్లాంటి బుగ్గలతో ఉన్నాడు. గంగవ్వ వాణ్ని ఇంతవరకూ చూడలేదు. గబగబా ట్రాలీ ఎక్కేసింది, ఆ మోకాళ్లతో ఎలా ఎక్కిందో. రెండు చేతులూ కడాయిలోకి చాచి వాణ్ని ఎత్తుకుంది. "గిదేనా బిడ్డ నీ తొట్టెల? గింత పెద్దదా?" అని వాడి పొట్టలో మొహం పెట్టేసింది. భూమవ్వ అటు తిరిగి ట్రాక్టరు మనిషి మీద ఉత్తపుణ్యానికి కేకలేసింది.

ఇక మూడు రోజులూ చేలోనే. చుట్టాలు ఎలాగూ వచ్చి ఉన్నారు గనక కూలీలు కూడా వెతుక్కోనక్కర్లేకపోయింది. ఏడవడానికి వచ్చినవాళ్లందరూ పసుపు మోశారు. అడుగున కాస్త చెడింది గానీ మిగతా కుప్పంతా బాగానే ఉంది, రంగు పోలేదు. నేనూ సాయంత్రాలు వెళ్లాను. ఆవిరి పైకి లేస్తుంటే ఆ వాసనకి మన ఊరే గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది, ఏడుపొచ్చింది. పొగ అని చెప్పాను. భూమవ్వ అంకాపూర్ నుంచి నాటుకోడి కూర వండి తెచ్చింది. కారం గురించి ఏమీ రాయను.

ఇవాళ మధ్యాహ్నం గంగవ్వ మా కొట్టుకొచ్చింది, మోచేతుల దాకా పసుపే. కౌంటరు మీద ఫోన్ పెట్టి, "బిడ్డా, ఇప్పుడు ఏ ప్లానున్నది?" అంది. వీధిలో మిగతా పెద్దవాళ్లంతా నన్ను తిడుతున్నారు గనక భయంభయంగానే చెప్పాను. నిమిషాలిస్తారు గానీ మిగిలితే నెలాఖరుకి పోతాయవ్వా, కలవవు, అన్నాను.

"పక్కా పోతయా?"

"పోతాయవ్వా."

"గదే ఇయ్యి. ఉంటయంటే దాసుకుంట కూసుంట. పోతయంటెనే మాట్లాడుత" అంది.

మా ఓనరు లోపల్నుంచి ఈ మాట విని, కొట్టు ముందు బోర్డు మీద రాయిద్దామంటున్నాడు.

అక్కా, ఈ కవరులో కాగితం మడతలో ఒక సిమ్ పెట్టాను, జాగ్రత్తగా చింపు. నా పేరు మీదే తీసుకున్నాను. బావగారి దగ్గర ఆ పాత సెట్టు ఊరికే పడుంది గదా, అందులో వెయ్యి. గంగవ్వ తీసుకున్న ప్లానే వేయించాను, మిగలనిది. డీలరుగారి భార్యకి చెప్పకు, పాపం ఆవిడకి పొద్దుపోదు. వీలైతే గోంగూర పచ్చడి ఎవరితోనైనా పంపు, గంగవ్వకి కూడా పెడతాను, అందులో ఏ దిక్కు పసుపు వేశావో అడగదు లే.

నాన్నకీ, బావగారికీ, మన పాస్టరుగారికీ, పెద్దత్తకీ నా వందనాలు చెప్పు. మీ ప్రార్థనల్లో నన్ను తలుచుకోండి, అమ్మని నా తల మీద చెయ్యి పెట్టినట్టే అనుకుని దీవించమను. ఈ ఆదివారం నుంచి నేను మిస్డ్ కాల్ ఇవ్వను. ఫోన్ మోగుతూ ఉంటే, ఆగకుండా మోగుతూ ఉంటే, క్షేమమనుకుని చూస్తూ కూర్చోవద్దు. అది నేనే, మాట్లాడాలనే చేస్తున్నాను. ఎత్తమని అమ్మకి గట్టిగా చెప్పు.

ఎల్లప్పుడూ మీ దీవెనలు కోరే
నీ చెల్లెలు,
ఎస్తేరు